అమ్మానాన్నల ఆరోగ్యానికి ఏడాదికి 15,000: ప్యాకేజీకా, టీకాలకా, బాత్‌రూమ్‌కా?

ఏటా దసరాకో సంక్రాంతికో ముందు ఫోన్లో ఒక ప్రకటన తప్పకుండా కనబడుతుంది. తల్లిదండ్రులకు పూర్తి శరీర పరీక్షలు, 90 పైచిలుకు, సగం ధరకే, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న పిల్లలు అక్కడికక్కడే బుక్ చేసేస్తారు. పొద్దున్నే కుర్రాడొచ్చి రక్తం తీసుకుపోతాడు, సాయంత్రానికి వాట్సాప్‌లో పన్నెండు పేజీల రిపోర్టు దిగుతుంది. అందులో నాలుగైదు అంకెలు ఎర్రగా ఉంటాయి. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ టెన్షన్. వారం తిరిగేసరికి ఆ కాగితాలు బీరువాలోకి పోతాయి. నాన్నగారి బీపీ ఎంతుందో మాత్రం అప్పటికీ ఎవరికీ తెలియదు, ఎందుకంటే రక్తపరీక్షలో బీపీ రాదు.

60 దాటినవాళ్ళను మంచాన పడేసేవి ఏమిటో చుట్టూ చూస్తే తెలిసిపోతుంది: పక్షవాతం, గుండెపోటు, జారిపడి తుంటి ఎముక విరగడం, నిమోనియా, కిడ్నీలు దెబ్బతినడం, చూపూ వినికిడీ తగ్గి ఇంట్లోనే ఒంటరైపోవడం. వీటిని ఆపడానికి మన చేతిలో ఉన్న దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇద్దరు పెద్దవాళ్ళకు కలిపి ఏడాదికి 15,000 రూపాయలు పక్కన పెట్టగల ఇల్లు అనుకుందాం. నా వరుస ముందే చెప్పేస్తాను: మొదట బీపీ మెషీన్, తర్వాత కాళ్ళ బలమూ బాత్‌రూమూ, తర్వాత టీకాలు, ఆ తర్వాత ఏరి రాయించుకున్న కొన్ని పరీక్షలు. 90 పరీక్షల ప్యాకేజీ అన్నిటికన్నా చివర.

90 పరీక్షలు ఎలా అవుతాయి

రిపోర్టు ఒకసారి తెరిచి చూడండి. రక్తకణాల పరీక్ష అనేది ఒక్క ట్యూబు రక్తంతో, ఒక్క మెషీన్ మీద అయ్యే పని. ప్యాకేజీలో అదే ఇరవై పైన పరీక్షలు. తెల్లకణాల్లో ఐదు రకాలుంటే వాటిని ముందు శాతాల్లో ఒకసారి, మళ్ళీ సంఖ్యల్లో ఒకసారి చూపించి పది లెక్కేస్తారు. కొలెస్ట్రాల్ దగ్గర నిజంగా కొలిచేవి మూడో నాలుగో, మిగతావి వాటి మధ్య తీసివేతలూ భాగహారాలూ. మూత్ర పరీక్షలో రంగు ఒక పరీక్ష, చిక్కదనం ఇంకో పరీక్ష. ఇందులో మోసమేమీ లేదు గానీ, 90 అన్న అంకె చూసి 90 జబ్బులు వెతికారని మాత్రం అనుకోకూడదు.

60 దాటి, పైకి బాగానే ఉన్న మనిషికి ఏడాదికోసారి పనికొచ్చే పరీక్షలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పరగడుపు షుగర్, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. కిడ్నీల కోసం క్రియాటినిన్, దానితోపాటు కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్. షుగర్ గానీ బీపీ గానీ ఉంటే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి కూడా. కిడ్నీ దెబ్బతినడం మొదలైందని క్రియాటినిన్ కంటే ముందే చాలాసార్లు ఇది చెబుతుంది, అయినా చవక ప్యాకేజీల్లో తరచూ ఉండనిది ఇదే. హిమోగ్లోబిన్. కొలెస్ట్రాల్. శాకాహారులకూ, షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నవాళ్ళకూ బీ12. నీరసం, బరువులో మార్పు లాంటివి ఉంటే థైరాయిడ్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అయితే బీపీ, షుగర్ లేనివాళ్ళు కూడా క్రియాటినిన్ వదలకూడదు. అక్కడ మామూలు కారణాలేవీ లేకుండానే కిడ్నీ జబ్బు వస్తోంది.

ఇవన్నీ విడివిడిగా రాయించుకుంటే ఒక్కోసారి ప్యాకేజీ కంటే ఎక్కువే అవుతుంది. అలాంటప్పుడు ప్యాకేజీయే తీసుకోండి, తప్పేం లేదు. కావలసినవి అందులో ఉన్నాయో లేదో చూసుకుని, మిగతా పేజీలను మీరే అర్థం చెప్పుకోకుండా డాక్టర్‌కు చూపించండి. డబ్బు ఇబ్బందిగా ఉంటే తెలంగాణలో బస్తీ దవాఖానా, పీహెచ్‌సీల్లో ఇచ్చిన రక్తం ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలకు వెళ్ళి రిపోర్టు ఉచితంగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల ఆరోగ్య కేంద్రాల్లో, పీహెచ్‌సీల్లో ప్రాథమిక పరీక్షలు ఉచితం, 104 వాహనం వచ్చే ఊళ్ళో బీపీ, షుగర్ మందులు కూడా దొరుకుతాయి. ప్రభుత్వ దారిలో పోయేది డబ్బు కాదు, ఒక పూట సమయం.

డబ్బు ఎక్కువ పోసి కొనే పెద్ద ప్యాకేజీల్లో క్యాన్సర్ మార్కర్లు కలుపుతారు: సీఏ-125, సీఈఏ, పీఎస్ఏ. మొదటి రెండూ ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళకు చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి. ఏ బాధా లేని మనిషికి చేస్తే అనవసరమైన స్కానింగుల చుట్టూ తిప్పుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏను 70 దాటాక బాధలేమీ లేకుండా చేయించవద్దని అమెరికా నిపుణుల బృందమే చెబుతోంది. దీనికి బదులు నోరు చూపించుకోవడం మేలు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్ళు, ఏడాదికోసారి డాక్టర్‌తో టార్చిలైటు వేయించి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూపించుకోవాలి. దీనికి రెండు నిమిషాలు చాలు, ప్రభుత్వ ఆసుపత్రిలో రూపాయి ఖర్చు ఉండదు. ఏ రక్తపరీక్షా ఈ పని చేయలేదు.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక మాట. షుగర్ ఉన్నవాళ్ళకు అది 7 లోపు ఉండాలని అందరికీ తెలుసు. 78 ఏళ్ళ వయసులో, గుండె జబ్బో కిడ్నీ జబ్బో కూడా ఉన్న మనిషికి 8 లోపు ఉన్నా డాక్టర్లు సరిపెట్టుకుంటారు, ఎందుకంటే షుగర్‌ను మరీ కిందికి తోస్తే పడిపోతుంది. చెమటలు, తికమక, తూలడం, అర్ధరాత్రి కింద పడటం. పిల్లలు రిపోర్టులో ఎర్ర అంకె చూసి "డోసు పెంచమని అడుగు నాన్నా" అని ఫోన్లో ఒత్తిడి చేయడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. రక్తహీనత ఉన్నా ఈ అంకె తప్పు చూపించవచ్చు.

బీపీ: ఎవరి మెషీన్‌ను నమ్మాలి

ఇక్కడ నాలుగు దారులున్నాయి. మందుల షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో అప్పుడప్పుడు చూపించుకోవడం, మణికట్టుకు కట్టే మెషీన్, స్మార్ట్ వాచీ, మోచేతి పైన కట్టే డిజిటల్ మెషీన్. పెద్దవాళ్ళకు చివరిదే కొనండి. మణికట్టు మెషీన్‌లో చెయ్యి గుండె ఎత్తులో లేకపోతే అంకె మారిపోతుంది, వాచీ అంకెను చూసి మందు మార్చే డాక్టర్ ఉండడు. మోచేతి పైన కట్టేది మంచి రకం 1,500 నుంచి 3,000 లోపు వస్తుంది. కొనేటప్పుడు మెషీన్ కంటే పట్టీ సైజు చూడండి. చెయ్యి లావుగా ఉన్నవాళ్ళకు చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బ్లూటూత్ గీటూత్ అక్కర్లేదు, అంకెలు పెద్దగా కనబడితే చాలు.

చూసుకునే పద్ధతిలోనే అసలు తేడా వస్తుంది. అమ్మ వంటింట్లోంచి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, రవిక చేతిమీదే పట్టీ కట్టించుకుని, ఆ ఊపుతోనే పక్కింటావిడ సంగతి చెబుతుంటే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. ముందు బాత్‌రూమ్‌కు వెళ్ళి రావాలి. కాఫీ, టీ, పొగ అరగంట ముందు నుంచి వద్దు. వీపు ఆన్చే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చర్మం మీదే ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు వారం పాటు పొద్దునా సాయంత్రం ఇలా రాసుకుని, మొదటిరోజు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే అది నిజమైన బీపీ. ఇంట్లో సగటు 135/85, ఆసుపత్రిలో 140/90, రెండూ ఒకే మెట్టు, అది దాటితే బీపీ ఎక్కువున్నట్టు. ఇంట్లో బాగుండి ఆసుపత్రిలోనే పెరిగేవాళ్ళు చాలామంది, దానికి తలకిందులుగా ఇంట్లోనే ఎక్కువుండి ఆసుపత్రిలో బయటపడనివాళ్ళూ ఉన్నారు. ఈ రెండో రకం వాళ్ళను పట్టుకునేది ఇంటి మెషీనే.

పెద్దవాళ్ళకు ఇంకో పని చేయాలి, దీన్ని ఆసుపత్రుల్లో కూడా తరచూ వదిలేస్తారు. కూర్చుని చూసిన తర్వాత లేచి నిలబడి, ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మనిషి తెల్లవారుజామున మంచం దిగినప్పుడు తూలి పడే ప్రమాదం ఉందన్నమాట. బీపీ మందు, ప్రోస్టేట్ మందు, నీరు పోయే మాత్ర, వీటిలో ఏదో ఒకదాని వేళో డోసో మార్చాల్సి రావచ్చు. ఆ నిర్ణయం డాక్టర్‌ది, ఆ అంకె తెచ్చి ఇచ్చేది మీరు.

నడకా, కాళ్ళ బలమా, బాత్‌రూమా

"మా నాన్నగారు రోజూ అయిదు కిలోమీటర్లు నడుస్తారండీ" అని గర్వంగా చెప్పే ఇళ్ళున్నాయి. నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మనసుకు మరీ మంచిది. పార్కులో నలుగురితో కబుర్లు, వచ్చేదారిలో టీ కొట్టు. కానీ నడిస్తే కింద పడటం తగ్గుతుందని గట్టిగా తేలలేదు. పడటాన్ని తగ్గించేవి బ్యాలెన్సు, కాళ్ళ కండలకు సంబంధించిన వ్యాయామాలు. సొంత ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళ మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2019లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గాయని తేలింది. 65 దాటినవాళ్ళు వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమతోపాటు, కనీసం మూడు రోజులు బ్యాలెన్సు, బలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన పెద్దవాళ్ళలో చాలామంది మొదటి సగం చేస్తారు, రెండో సగం అనేది ఒకటుందని కూడా తెలియదు.

అమ్మకు బలం ఎంతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో (ప్లాస్టిక్ కుర్చీ వద్దు) కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టండి. పక్కనే నిలబడండి. 70 నుంచి 74 ఏళ్ళ ఆడవాళ్ళు 10సార్లు, అదే వయసు మగవాళ్ళు 12సార్లు లేవలేకపోతే కాళ్ళు బలహీనంగా ఉన్నట్టు. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే అదే ఆ ఇంట్లో ఈ ఏడాది అన్నిటికంటే ముఖ్యమైన ఆరోగ్య సమాచారం, ఏ రిపోర్టులోనూ ఎర్రగా రాదు.

వ్యాయామం కూడా అదే: కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దానికి తోడు వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం. అన్నం ఉడికేలోపు అయిపోతుంది. ఒకప్పుడు పీట మీద కూర్చుని తిని, నేలమీద కూర్చుని కూరలు తరిగిన ఇళ్ళలో ఈ లేవడం కూర్చోవడం రోజుకు ఎన్నోసార్లు జరిగేది. సోఫా, డైనింగ్ టేబుల్ వచ్చాక పోయింది. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఆ అలవాటు వదలకపోవడమే మంచిది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళూ, నొప్పి బాగా ఉన్నవాళ్ళూ ఫిజియోథెరపిస్టును ఒకసారి కలిసి నేర్చుకుని మొదలుపెట్టాలి. జిమ్ములో చేర్చడం, యోగా క్లాసు, ఇంటికొచ్చే ఫిజియో, ఈ మూడింట్లో ఏది మేలంటే, ఇప్పటికే ఒకసారి పడ్డవాళ్ళకు ఫిజియో, మిగతావాళ్ళకు ఏది మానకుండా చేస్తారో అది.

ఇక బాత్‌రూమ్. కొత్త ఇళ్ళలో నున్నటి టైల్స్, పాత ఇళ్ళలో నాచు పట్టిన గచ్చు, రెండింట్లోనూ బకెట్ దగ్గర వంగి చెంబుతో పోసుకోవడం, గడప దగ్గర ఒక మెట్టు దిగుడు. దీన్ని మొత్తం పగలగొట్టి కట్టిస్తే లక్షల్లో ఖర్చు. అంత అక్కర్లేదు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, గోడకు స్టీలు రాడ్లు. టవల్ రాడ్డును దీనికి వాడవద్దు, మనిషి బరువు పడగానే అది స్క్రూలతో సహా ఊడి వస్తుంది. లావుపాటి రాడ్డు, గోడలోకి దిగే యాంకర్ బోల్టులు, తెలిసిన ప్లంబర్. కింద రబ్బరు మ్యాట్, కూర్చుని పోసుకోవడానికి కాళ్ళకు రబ్బరు తొడుగులున్న స్టూలు, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు. అన్నీ కలిపి 4,000 లోపు అయిపోవచ్చు. ఇండియన్ టాయిలెట్టే ఉండి లేవలేకపోతే, దానిమీద పెట్టుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. వెస్టర్న్ టాయిలెట్ కట్టించేదాకా ఆగనక్కర్లేదు.

ఇంటి బయట కూడా ఒక చోటుంది, ఎవరూ చెప్పరు: పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే వాకిలి. సిమెంటు వాకిలి మీద నీళ్ళు, వెలుతురు సరిగా రాకముందు, వంగి లేవడం, అరిగిపోయిన హవాయి చెప్పులు. అమ్మను ముగ్గు మానమంటే మానదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనివ్వండి, వాకిట్లో లైటు వేయించండి.

చూపు తగ్గితే ఇవన్నీ చేసినా లాభం లేదు. శుక్లం ముదిరేదాకా ఆగాలన్నది పాత మాట, రోజువారీ పనికి అడ్డం వస్తుంటే అప్పుడే చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్ళల్లో చిన్న దృష్టి కేంద్రాలున్నాయి, మొదటి పరీక్షకు హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. వినికిడి కూడా అంతే ముఖ్యం. మతిమరుపు జబ్బుకు తగ్గించగల కారణాలేమిటో 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 14 లెక్కపెట్టింది, వాటిలో పెద్ద వాటా ఉన్న రెండింట్లో వినికిడి లోపం ఒకటి. ముందు చెవిలో గుబిలి తీయించి చూడండి.

టీకాల్లో ఏది ముందు

పెద్దవాళ్ళ టీకాలు ప్రభుత్వ ఉచిత కార్యక్రమంలో మామూలుగా దొరకవు, కొనుక్కోవాల్సిందే. కాబట్టి వరుస కావాలి.

మొదటిది ఫ్లూ టీకా. ఏటా వేయించుకోవాలి, ఒక్కో డోసు సుమారు 1,500 నుంచి 2,500. మన దగ్గర ఫ్లూ వానలతో పాటే పెరుగుతుంది కాబట్టి మే, జూన్‌లలో వేయించుకోవడం మంచిది. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి అలవాటుతో అక్టోబర్‌లో గుర్తుచేస్తారు, అప్పటికి ఇక్కడ వానాకాలం అయిపోతుంది. జలుబు రాకుండా ఉంటుందని వేయించుకునేది కాదు ఇది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్ళు ఫ్లూ ముదిరి ఐసీయూ దాకా వెళ్ళకుండా కాపాడుకోవడానికి.

రెండోది నిమోనియా టీకా, అంటే న్యుమోకాకల్. చాలాకాలంగా ఉన్న పద్ధతిలో 13 రకాల న్యుమోకాకస్ బ్యాక్టీరియాను అడ్డుకునేది ఒకటి వేసి, ఏడాది తర్వాత 23 రకాలది ఇంకొకటి వేస్తారు. ఒక్క డోసుతో సరిపోయే కొత్తవీ వచ్చాయి, ఏది వేస్తున్నారో అడిగి పేరు రాయించుకోండి. ఫ్లూ టీకాతో పోలిస్తే ఖరీదెక్కువ, కానీ ఏటా కాదు. షుగర్, ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు ఉన్న ఇంట్లో దీన్ని ఫ్లూ టీకాతో సమానంగా చూడాలి.

మూడోది సర్పి టీకా. సర్పి అనండి, కొన్నిచోట్ల అక్కి అంటారు, నడుముకో ఛాతీకో ఒకవైపు పట్టీలా పొక్కులు లేచి మంట పెట్టే జబ్బు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాక్కుని, వయసు మీద పడ్డాక మళ్ళీ లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి నరాల నొప్పి, చొక్కా తగిలినా తట్టుకోలేరు. షింగ్రిక్స్ అనే టీకా మన దేశంలోకి 2023లో వచ్చింది. 50 దాటినవాళ్ళకు రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పెద్ద ప్రయోగాల్లో 90 శాతం, ఆ పైన రక్షణ ఇచ్చింది. కానీ ఒక్కో డోసు పదివేలకు అటూఇటూ. ఇద్దరికి రెండేసి డోసులంటే మన 15,000 ఏ మూలకు? పనిచేయడంలో దీనికి వంక పెట్టలేం, వరుసలో మూడోది కావడానికి కారణం ధర ఒక్కటే. డబ్బుకు ఇబ్బంది లేని ఇల్లయితే ఆలోచించకుండా వేయించండి.

ధనుర్వాతం టీకా దెబ్బ తగిలినప్పుడే గుర్తొస్తుంది. పదేళ్ళకోసారి ముందే వేయించుకోవచ్చు, చాలా చవక.

డబ్బాలో పొడి, వంటింట్లో ఉప్పు

బలం కోసం డబ్బాల్లో పొడి కొని పంపే పిల్లలకు ఒక లెక్క. పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము మాంసకృత్తులు కావాలి, 55 కిలోల అమ్మకు 55 గ్రాములు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరు, ముద్దపప్పు కప్పులో ఏడో ఎనిమిదో. పెసరట్టు, శనగలు, పెరుగు, మీల్‌మేకర్, వారానికి రెండుసార్లు చేప. ఇవి తినగలిగిన మనిషికి పొడి అక్కర్లేదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. జబ్బు చేసి లేచి, నాలుగు ముద్దలు కూడా తినలేని మనిషికి డాక్టర్ రాస్తే అది వేరు. అన్నమా కొర్రలా అన్న వాదనకు నా దగ్గర ఓపిక లేదు. కంచంలో అన్నం సగానికి తగ్గి పప్పూ కూరా రెట్టింపైతే ఏ గింజైనా ఫరవాలేదు.

ఉప్పు సంగతి మాత్రం పోల్చదగ్గది. గులాబి రంగు హిమాలయన్ ఉప్పు, సైంధవ లవణం ఖరీదు పెట్టి కొంటున్నారు. వాటిలోనూ ఉండేది దాదాపు మామూలు ఉప్పంత సోడియమే. కొంత సోడియం తీసి పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు వేరు. చైనాలో 600 గ్రామాల్లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి, ఆ ఉప్పు వాడిన ఊళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇది ప్రమాదం. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు, మన పెద్దవాళ్ళలో చాలామంది మందుల సంచుల్లో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అడిగేలోపు ఆవకాయ ఊట, అప్పడాలు, ఎండు చేపలు తగ్గించవచ్చు. మొత్తం మానెయ్యమంటే ఆ ఇంట్లో మీ మాట ఇంకెవరూ వినరు.

ఆపాల్సినవి

"టాబ్లెట్లు వేసుకున్నారా నాన్నా?" అంటే "ఆఁ, అన్నీ వేసుకున్నా" అంటారు. ఆ అన్నీ ఏమిటో సంచి కుమ్మరించి చూడండి. గుండెపోటు, పక్షవాతం ఎప్పుడూ రాకపోయినా ముందుజాగ్రత్తగా రోజూ రక్తం పలచబడే ఆస్పిరిన్ ఉంటుంది. ఎక్కువగా 70 దాటిన ఆరోగ్యవంతులు 19,000 మందికి పైగా పాల్గొన్న ఆస్‌ప్రీ అధ్యయనం 2018లో తేల్చిందేమంటే, వాళ్ళకు దానివల్ల లాభం కనబడలేదు, రక్తస్రావం పెరిగింది. స్టెంటు పడ్డవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ఒక్కరోజు కూడా సొంతంగా ఆపకూడదు. వారానికోసారి వేసుకోమని ఎనిమిది వారాలకు రాసిన 60,000 యూనిట్ల డీ విటమిన్ మూడేళ్ళుగా నడుస్తుంటుంది. అది ఎక్కువైతే కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, నిద్రకు ఆల్‌ప్రజోలామ్. ఒకటి కిడ్నీలకూ బీపీకీ, ఇంకొకటి రాత్రిపూట పడటానికీ దారి. ఇంత సంచి ఉన్న ఇంట్లో ఇంకో పరీక్ష చేయించడం కంటే, మొత్తం సంచి పట్టుకుని ఒక్క జనరల్ ఫిజీషియన్ దగ్గర పది నిమిషాలు కూర్చోవడం మేలు. నిద్రమాత్రలను మాత్రం ఒక్కసారిగా ఆపకండి, మెల్లగా తగ్గించాలి.

లెక్క వేస్తే

బీపీ మెషీన్ 2,500. బాత్‌రూమ్ 4,000. ఇద్దరికీ ఫ్లూ టీకా 4,000. ఏరుకున్న పరీక్షలు ఇద్దరికీ 3,500, ప్రభుత్వ కేంద్రంలో అయితే అదీ మిగులుతుంది. 14,000 అయ్యింది, మిగిలింది డాక్టర్ ఫీజు. వచ్చే ఏడాది మెషీన్, బాత్‌రూమ్ ఖర్చు ఉండదు కాబట్టి ఆ డబ్బు నిమోనియా టీకాకు.

ఆరోగ్య బీమా కార్డులను ఈ లెక్కలో కలపకండి. 70 నిండిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, ఆధార్‌తో తప్పకుండా చేయించి పెట్టుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కూడా ఆసుపత్రి ఖర్చుకే. ఇవి ఆసుపత్రిలో చేరాక పనికొచ్చేవి. టీకాకూ స్టీలు రాడ్డుకూ డబ్బులివ్వవు. పిల్లలు దూరంగా ఉండి, పెద్దవాళ్ళకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియక ఇబ్బంది పడుతుంటే 14567కు ఫోన్ చేయవచ్చు, అది వృద్ధుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్.

ఈ వరుస 60 నుంచి 80 మధ్య, తమ పనులు తాము చేసుకునే పెద్దవాళ్ళకు. ఒంటరిగా ఉండే అమ్మమ్మ అయితే బాత్‌రూమ్‌ను మొదటికి తెండి. సీఓపీడీ ఉన్న తాతయ్య అయితే రెండు టీకాలూ ఇప్పుడే. 85 దాటి మంచానికీ కుర్చీకీ మధ్యే తిరిగే నాయనమ్మకు కొత్తగా కొలెస్ట్రాల్ చూడటం, ఉప్పు లేని చప్పిడి కూర పెట్టడం అనవసరం. ఆవిడకు ఫ్లూ టీకా వేయించి, చెవులూ పళ్ళూ చూపించి, మందుల సంచి తేలిక చేయించి, మెత్తగా కలిపిన పప్పన్నంలో గుడ్డు నలిపి పెట్టండి. ఫిజియోథెరపిస్టును నెలకోసారి పిలిచి, మంచం మీంచి సాయంతో లేపి నిలబెట్టే పద్ధతి ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి, ఎందుకంటే రోజుకు మూడుసార్లు ఆవిడను లేపాల్సింది ఆ ఇద్దరే.